జాతరలో ఆహార దుకాణమా? నెల ముందే నమోదు చేసుకొనుట మేలు

డోర్నకల్: మహాశివరాత్రి సమయమున కురవి శ్రీ వీరభద్రస్వామి జాతరకు వచ్చు భక్తులకు మిర్చి బజ్జీలు, జిలేబీలు, చెరకు రసం అమ్మి నాలుగు రాళ్ళు సంపాదించుకొను చిరువ్యాపారులు ఎందరో కలరు. దుకాణం నాలుగు దినములదే అయినను, ఆహార భద్రతా చట్టం దానికీ వర్తించును.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం–2006 క్రింద రూపొందిన 2011 నియమావళి తాత్కాలిక దుకాణదారులను, తోపుడుబండ్ల వారిని చిన్న ఆహార వ్యాపారులుగా పరిగణించినది. వీరికి లైసెన్సు అవసరం లేదు. నమోదు చేసుకొనిన చాలును. మతపరమైన, సామాజిక సమావేశములలో ఆహారం పంచువారిని సైతం ఇదే కోవలో చేర్చుట గమనార్హం. కావున అన్నదాతలు కూడ ఈ విషయమై శ్రద్ధ వహించవలెను.

దరఖాస్తు విధానం సులభం. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ వారి ‘ఫోస్కోస్’ వెబ్‌సైటులో ఫారం–ఎ పూర్తి చేసి, ఫోటో, గుర్తింపు పత్రం జతపరచవలెను. చెల్లించవలసిన రుసుము అచటనే తెలియును. 2011 నియమావళి ప్రకారం అధికారులు 7 దినములలో నమోదు మంజూరు చేయుట, తిరస్కరించుట లేదా తనిఖీకి ఆదేశించుట జరుగును. తనిఖీ అవసరమైనచో 30 దినముల వరకు పట్టవచ్చును. జాతర ముంగిట పరుగులు తీయుటకన్న నెల ముందే దరఖాస్తు చేయుట శ్రేయస్కరం. నమోదు పత్రమును దుకాణంలో అందరికీ కనబడునట్లు ఉంచవలెను. దుకాణం వేయు స్థలమునకు అనుమతి మాత్రం విడిగా పొందవలసి యుండును.

పత్రము పొందుటతో బాధ్యత తీరదు. త్రాగుటకు యోగ్యమైన నీటినే వంటకు వాడవలెను. పదార్థములపై ఈగలు, దుమ్ము చేరకుండ మూతలుంచవలెను. అంటువ్యాధిగ్రస్తులు వంటకు, వడ్డనకు దూరముగ ఉండవలెను. బజ్జీలను వార్తాపత్రికలలో పొట్లము కట్టరాదు. అచ్చుసిరాలోని హానికర రసాయనములు నూనెతో కలిసి ఆహారములోనికి చేరును. పదేపదే మరిగి నల్లబడిన నూనెను పారవేయవలెను.

కలుషితాహారం వలన ఎవరైనా మరణించినచో, 5 లక్షల రూపాయలకు తక్కువ కాని పరిహారమునకు విక్రేతను బాధ్యుని చేయుటకు చట్టంలోని 65వ సెక్షన్ వీలు కల్పించుచున్నది. చిరువ్యాపారికి అది జీవితకాలపు సంపాదన. పసిబిడ్డలతో దైవదర్శనమునకు వచ్చిన కుటుంబములు క్షేమముగ ఇల్లు చేరుటయే ఈ నమోదు యొక్క పరమార్థమని వ్యాపారులు గ్రహించి సహకరించగలరు.