ఇంజను బుర్రకు అతుకుల వైర్లు
జానెడు టేపు జాయింటుతో నడిరోడ్డున నిలుస్తున్న బండ్లు

కరీంనగర్: బండి మొరాయిస్తే ప్లగ్గు తుడిచి, కార్బురేటర్ ఊది దారిన పడే రోజులు పోయాయి. ఇప్పుడు ఇంజనుకు ఎంత ఇంధనం, ఏ క్షణాన అందాలో తేల్చేది ఒక కంప్యూటరు పెట్టె. మెకానిక్‌లు ‘ఈసీఎం’ అనే ఆ పెట్టెకు వెళ్లే వైర్లను కోసి, బయట కొన్న పరికరాలను అతికిస్తే మాత్రం తిప్పలు తప్పవు.

ఎందుకీ అతుకులు?

అన్నీ సరదాకు పెట్టించుకునేవి కావు. కొన్ని మినహాయింపులతో, 2015 అక్టోబరు 1 నుంచి తయారయ్యే రవాణా వాహనాలు గంటకు 80 కిలోమీటర్లు మించకుండా వేగ నియంత్రణ పరికరం ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. స్కూలు బస్సులు, ట్యాంకర్లు, డంపర్లకు పరిమితి 60. ప్రయాణికుల వాహనాలకు జాడ తెలిపే జీపీఎస్ పరికరం తర్వాత వచ్చింది. అలారం, రిమోట్ తాళం, గ్యాస్ కిట్ వంటివి వీటికి అదనం. కంపెనీలో అమర్చి వచ్చిన వాటితో పేచీ లేదు. చిక్కంతా తర్వాత షెడ్డులో తగిలించే వాటితోనే.

పెడల్ చెప్పే లెక్క

కొత్త బండ్లలో యాక్సిలరేటర్‌కు తీగ ఉండదు. పెడల్‌లోని రెండు సెన్సార్లు, ఎంత తొక్కారో 5 వోల్టుల లోపు విద్యుత్తు రూపంలో ఈసీఎంకు చెబుతాయి. వేగ నియంత్రణ పెట్టె ఆ రెంటి నడుమ కూర్చుంటుంది. బండి పరిమితికి చేరగానే, ఎంత తొక్కినా తక్కువే తొక్కినట్టు ఈసీఎంకు కబురు పంపుతుంది.

ఈసీఎం రెండు సెన్సార్ల లెక్కనూ సరిపోల్చుకుంటుంది. అతుకు వదులై ఒక లెక్క తప్పితే ప్రమాదమని భావించి ఇంజను జోరు తగ్గించేస్తుంది. చెక్ లైటు వెలుగుతుంది, బండి కుంటుతుంది. నిర్మల్ ఘాట్‌లో లారీని దాటుతున్న వేళ ఇది జరిగితే ప్రాణాల మీదికి వచ్చినట్టే.

ఎండ, వాన, దుమ్ము

రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ ఎండలు 45 డిగ్రీలు దాటడం మామూలే. ఇంజను దగ్గర వేడి ఇంకా ఎక్కువ. టేపు జిగురు కరిగి ఊడుతుంది. వానాకాలం తడి దిగి రాగితీగకు చిలుము పడుతుంది. బొగ్గు రోడ్ల కుదుపులు, దుమ్ము మిగతా పని పూర్తి చేస్తాయి. వేసవిలో వేసిన జాయింటు, వానల్లో బయటపడుతుంది.

టెస్టు బల్బుతో చేటు

కరెంటు ఉందో లేదో చూడటానికి బల్బు పెట్టి పొడవడం పాత అలవాటు. బల్బు లాగే కరెంటును ఈసీఎం సన్న సర్క్యూట్లు తట్టుకోలేక కాలిపోవచ్చు. కొత్తది కొనాలంటే వేలల్లో ఖర్చు. కిస్తీలు కట్టే లారీ యజమానికి అది కోలుకోలేని దెబ్బ. అక్కడ వాడవలసింది మల్టీమీటరే.

జాగ్రత్తలివి

వైరు కోయకుండా కప్లర్‌కు కప్లర్ తగిలించే కిట్ దొరికితే అదే మేలు. పరికరానికి కరెంటును ఈసీఎం వైరు నుంచి కాక, ఫ్యూజు బాక్సు నుంచి విడి ఫ్యూజుతో తీయాలి. పనికి ముందు బ్యాటరీ మైనస్ విప్పాలి. తప్పనిసరై కోస్తే, మెలి తిప్పి టేపు చుట్టడం కాదు, స్లీవు బిగించి, పైన వేడికి ముడుచుకునే గొట్టం వేయాలి. వేగ నియంత్రణ పరికరానికి ఏఐఎస్-018, జీపీఎస్‌కు ఏఐఎస్-140 ఆమోదం ఉందో లేదో చూడాలి. బిల్లు, బిగింపు పత్రం తీసుకుని దాచుకోవాలి.

అనుమతి లేని మార్పులకు మోటారు వాహనాల చట్టంలోని 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. వారంటీ పోయే ప్రమాదం సరేసరి.

పరికరం పెట్టించుకోమనడంతోనే అధికారుల బాధ్యత తీరదు. బిగించే చేతికి పని నేర్పాలి. ఐటీఐల్లో షెడ్డు మెకానిక్‌లకు సాయంత్రం వేళ నాలుగు రోజుల శిక్షణ ఇప్పించినా చాలు. వేగాన్ని అదుపు చేయడానికి పెట్టిన పెట్టె వల్లనే ప్రమాదం జరిగితే, ఆ నిబంధన ఉద్దేశమే దెబ్బ తింటుంది.