ఫినాల్ వలయాన్ని తెంచే ఎంజైములు: ఉక్కునగర నదికి సూక్ష్మజీవుల రక్ష

భుయ్యాడీహ్ (జంషెడ్‌పూర్): ఉక్కు తయారీకి కోక్ అత్యవసరం. బొగ్గును గాలి తగలకుండా సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేసి దీనిని తయారుచేస్తారు. అప్పుడు వెలువడే వాయువును చల్లబరచి శుభ్రపరిచే నీటిలో ఫినాల్, క్రెసాల్, నాఫ్తలీన్ వంటి ఆరోమాటిక్ సమ్మేళనాలు కలుస్తాయి. 1912లో తొలిసారి ఉక్కు ఉత్పత్తి అయిన జంషెడ్‌పూర్‌లో, సువర్ణరేఖ నది ఒడ్డున ఉన్న భుయ్యాడీహ్ వంటి బస్తీలకు ఈ నీటి శుద్ధి కీలకమైన అంశం. కోక్ పరిశ్రమలు విడిచే నీటిలో ఫినాల్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని దేశంలోని పర్యావరణ నిబంధనలు నిర్దేశిస్తున్నాయి.

ఈ పరిమితికి కారణం ఉంది. తాగునీటి శుద్ధిలో వాడే క్లోరిన్‌తో ఫినాల్ కలిస్తే క్లోరోఫినాల్స్ ఏర్పడతాయి. అవి అతిస్వల్ప మోతాదులో ఉన్నా నీటికి దుర్వాసన, చెడు రుచి వస్తాయి.

వలయం ఎలా తెగుతుంది?

ఆరోమాటిక్ సమ్మేళనాలలో ఆరు కార్బన్ పరమాణువుల వలయం ఉంటుంది. ఎలక్ట్రాన్లు వలయమంతటా విస్తరించి ఉండటం వల్ల అది సులభంగా విచ్ఛిన్నం కాదు. సూడోమోనాస్, రోడోకోకస్ వంటి బ్యాక్టీరియాలు ఈ పనిని అంచెలంచెలుగా పూర్తిచేస్తాయి. ముందుగా ఫినాల్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము ఒక ఆక్సిజన్ పరమాణువును చేర్చి ఫినాల్‌ను కాటెకాల్‌గా మారుస్తుంది. అనంతరం డైఆక్సిజనేజ్ ఎంజైము రెండు ఆక్సిజన్ పరమాణువులను జోడించి వలయాన్ని తెంచుతుంది. ఈ ఆక్సిజన్ నేరుగా గాలి నుంచే వస్తుందని జపాన్ శాస్త్రవేత్త ఒసాము హయైషి బృందం 1955లో నిరూపించింది. తెగిన గొలుసు చిన్న ఆమ్లాలుగా మారి, బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది.

శిలీంధ్రాల మార్గం వేరు

కలపను కుళ్లబెట్టే తెల్లకుళ్లు శిలీంధ్రాలు తమ ఎంజైములను కణం వెలుపలికి విడుదల చేస్తాయి. వాటిలో లిగ్నిన్ పెరాక్సిడేజ్‌ను 1983లో గుర్తించారు. కలపలోని లిగ్నిన్ కూడా ఆరోమాటిక్ వలయాల అల్లికే. ఈ ఎంజైములు ఒకే పదార్థానికి పరిమితం కావు. అందువల్ల పలు వలయాలు గల సమ్మేళనాలపైనా పనిచేస్తాయి.

గాలి ఆగితే శుద్ధి ఆగుతుంది

శుద్ధి కేంద్రాల తొట్లలోకి నిరంతరం గాలిని పంపేది ఇందుకే. ఆక్సిజన్ తగ్గితే డైఆక్సిజనేజ్ పనిచేయదు. ఫినాల్ సాంద్రత మితిమీరినా, సైనైడ్ పెరిగినా బ్యాక్టీరియా దెబ్బతింటుంది. కొన్ని బ్యాక్టీరియాలు ఆక్సిజన్ లేకుండానే వలయాన్ని విచ్ఛిన్నం చేయగలిగినా, ఆ ప్రక్రియ సాధారణంగా నిదానంగా సాగుతుంది. కనుక వలయం నదిలో చేరకముందే, తొట్టిలోనే తెగాలి.