ఒరదూర్ చర్చి: క్షమించే హక్కు ఎవరిది?

ఫ్రాన్సులోని ఒరదూర్-సుర్-గ్లాన్ పాత ఊళ్లోకి వెళితే పైకప్పు లేని చర్చి కనపడుతుంది. లోపల మంటకు కరిగి ముద్దయిన కంచు గంట ఉంది. 1944 జూన్ 10న నాజీ ఎస్.ఎస్. సైనికులు ఈ ఊరి మగవాళ్లను కొట్టాల్లో కాల్చేశారు. ఆడవాళ్లనూ పిల్లలనూ చర్చిలో పెట్టి, కాల్చి నిప్పంటించారు. మొత్తం 643 మంది చనిపోయారు. చర్చి కిటికీలోంచి దూకి బతికింది ఒకే ఒక్క స్త్రీ.

ప్రభుత్వం శిథిలాలను అలాగే ఉంచి, పక్కన కొత్త ఊరు కట్టించింది. అయితే మనం గమనించాల్సింది ఆ తర్వాతి కథ. 1953లో బోర్డో సైనిక కోర్టులో శిక్షపడిన వాళ్లలో 13 మంది, జర్మన్లు బలవంతంగా సైన్యంలో చేర్చుకున్న అల్సాస్ యువకులు. వాళ్లూ బాధితులేనని, దేశ ఐక్యత ముఖ్యమని పార్లమెంటు కొద్దిరోజుల్లోనే వాళ్లకు క్షమాభిక్ష చట్టం చేసింది.

చనిపోయినవాళ్ల తరఫున క్షమించే హక్కు రాజ్యానికెక్కడిది? ఊరు ప్రభుత్వ పతకాలను తిప్పి పంపింది. చట్టానికి ఓటేసిన సభ్యుల పేర్లు శిథిలాల ముందు బోర్డు మీద ఏళ్ల తరబడి ఉన్నాయి. కుటుంబాలు తమవాళ్ల అస్థికలను ప్రభుత్వ స్మారకంలో పెట్టనివ్వలేదు, ఊరి శ్మశానంలోనే ఉంచుకున్నాయి.

గోడలు కాపాడటం రాజ్యానికి తేలికే. స్మారకం చూడబోయే మనం, ఎవరిని వదిలేశారో కూడా అడగాలి.