ఆటోమేటిక్ గేర్ల కార్లపై డ్రైవింగ్ తీరు ప్రభావం: పటేల్‌గూడ – పటాన్‌చెరు మార్గం నేపథ్యంగా

కీలక పదాలు: ఆటోమేటిక్ గేర్లు, ఏ.ఎం.టి., టార్క్ కన్వర్టర్, క్లచ్, పటేల్‌గూడ.

1. ఉపోద్ఘాతం:
సంగారెడ్డి జిల్లా పటేల్‌గూడ నుంచి బీరంగూడ మీదుగా 65వ నంబరు జాతీయ రహదారికి చేరే కారు, లారీలు, కంపెనీ బస్సుల నడుమ ఆగుతూ కదులుతూ సాగుతుంది. పటాన్‌చెరు దాటి ముత్తంగి వద్ద ఔటర్ రింగు రోడ్డు ఎక్కాక నిలకడైన వేగంతో వెళ్తుంది. గేరుబాక్సుకు ఎక్కువ శ్రమ కలిగించేది మొదటి దశే. క్లచ్ పెడల్ లేని కారులో క్లచ్ గురించి పట్టించుకోనక్కరలేదన్న అభిప్రాయం ఎంతవరకు సమంజసమో ఈ వ్యాసం వివరిస్తుంది.

2. వ్యవస్థల్లో భేదాలు:
భారతదేశంలో 2014లో మారుతి సుజుకి సెలెరియోతో ఏ.ఎం.టి. సామాన్య వినియోగదారులకు అందుబాటులోకి వచ్చింది. నిర్మాణరీత్యా ఇది మాన్యువల్ గేరుబాక్సే. క్లచ్‌ను విడదీయడం, గేరు మార్చడం అనే పనులను కంప్యూటర్ అదుపులోని యంత్రాంగం నిర్వహిస్తుంది. డి.సి.టి.లో ఇటువంటి క్లచ్‌లు రెండు ఉంటాయి. టార్క్ కన్వర్టర్ రకంలో కారు కదిలేటప్పుడు ఇంజను శక్తి ద్రవం ద్వారా గేర్లకు అందుతుంది.

3. డ్రైవింగ్ తీరు – పర్యవసానాలు:
3.1. ఎత్తుపై లారీ వెనుక ఆగినప్పుడు బ్రేకు వేయకుండా, ఆక్సిలరేటర్‌ను కొద్దిగా నొక్కి కారును నిలబెట్టడం కొందరి అలవాటు. అప్పుడు ఏ.ఎం.టి.లో క్లచ్ ప్లేటు సగం పట్టుతో జారుతూ వేడెక్కి అరుగుతుంది. డి.సి.టి.లోనూ ఇదే జరుగుతుంది. టార్క్ కన్వర్టర్‌లో ఆ వేడిని ద్రవం గ్రహిస్తుంది. అతిగా వేడెక్కే కొద్దీ దాని గుణం క్షీణిస్తుంది.

3.2. ముందున్న వాహనం అడుగు జరిగినప్పుడల్లా కదలక, కొంత ఖాళీ ఏర్పడ్డాక కదిలితే క్లచ్ జారే సందర్భాలు తగ్గుతాయి.

3.3. ఆక్సిలరేటర్‌ను మృదువుగా నొక్కితే పై గేరు త్వరగా పడుతుంది, ఇంధనం ఆదా అవుతుంది. ఒక్కసారిగా అదిమితే కంప్యూటర్ కింది గేరును ఎంచుకుంటుంది.

3.4. కారు పూర్తిగా ఆగకముందే ‘డి’ నుంచి ‘ఆర్’కు మార్చడం గేరుబాక్సుకు హానికరం.

4. ముగింపు:
క్లచ్ ప్లేటును అరుగుదల గల భాగంగా పరిగణించి సాధారణంగా వారంటీ నుంచి మినహాయిస్తారు. అందువల్ల దాని మరమ్మతు భారం యజమానిపైనే పడుతుంది. గేరును ఎంచుకునేది యంత్రమే అయినా, ఆ ఎంపికకు ముఖ్యాధారం డ్రైవరు ఆక్సిలరేటర్‌పై చూపే ఒత్తిడి. తన కారులో ఉన్నది ఏ రకం గేరుబాక్సో తెలుసుకుని నడపడం పటేల్‌గూడ వంటి ప్రాంతాల నుంచి నిత్యం ప్రయాణించేవారికి ఆర్థికంగా కూడా అవసరం.