బొమ్మల పనివారికి దీర్ఘ విరామం
ఏళ్ల తరబడి పనిచేసినవారు ఉద్యోగాన్ని వదులుకోకుండా చదువుకో పరిశోధనకో తీసుకునే దీర్ఘకాలిక సెలవును సబాటికల్ అంటారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం, అసోసియేట్ ప్రొఫెసర్‌గా లేదా ప్రొఫెసర్‌గా ఏడేళ్లు పనిచేసిన శాశ్వత అధ్యాపకులకు ఒక విడతలో ఏడాదికి మించకుండా ఇది లభించవచ్చు. తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, చెక్కి, చింతగింజల పొడితో చేసిన మక్కుతో భాగాలను అతికించి, రంగులద్దే కొండపల్లి కళాకారులకు మాత్రం, ఆదాయం చేసిన బొమ్మలను బట్టే వస్తుంది గనుక, పని ఆగిన రోజున రాబడీ ఆగుతుంది. కొత్త రూపాలను ఊహించడానికి తీరిక వారికీ అంతే అవసరం. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం సంప్రదాయ బొమ్మల తయారీని 18 వృత్తుల్లో చేర్చి, శిక్షణ కాలంలో రోజుకు రూ.500 భృతిని నిర్ణయించింది. అయితే ప్రాథమిక శిక్షణ వారం రోజుల్లోపే ముగుస్తుంది.