ఉత్తరించు స్థలము: దీనికి బైబిలు ప్రమాణము కలదా?



హైదరాబాదు పాతబస్తీకి తూర్పుదిక్కున, ఆస్మాన్‌గఢ్ గుట్టమీద నొక ఎత్తయిన రాతిస్తంభము గలదు. అది రెండవ నిజాము కొలువులో సేనానిగా నుండి 1798వ సంవత్సరము మార్చి 25వ తేదీన మరణించిన రేమండ్ అను ఫ్రెంచి దొర సమాధి. హిందువు లాయనను మూసారాముడనియు, ముసల్మానులు మూసారహీమనియు పిలిచిరి. మూసారాంబాగు అను పేటకు పేరు ఆయనవలననే వచ్చినది. ఆయన వర్ధంతినాడు అచ్చట దీపము వెలిగించి ధూపము వేయు వాడుక చాలకాలము సాగినది.

పోయినవారికొఱకు ఉన్నవా రేమైన చేయవలెనను తలంపు మనదేశములో నొక్క మతమునకు చెందినది కాదు. హిందువులు మహాలయపక్షమున పితృదేవతలకు తర్పణము విడుతురు. పాతబస్తీ ముసల్మానులు షబేబరాత్ రాత్రి గోరీలకడకు బోయి దువా చేయుదురు. క్రైస్తవులు నవంబరు 2వ తేదీన సమాధులకు సున్నము వేసి, పూలుంచి, కొవ్వొత్తులు వెలిగింతురు. ఆ సాయంకాలము నారాయణగూడ క్రైస్తవ శ్మశానము దీపాలతోటవలె నుండును.

అయితే ఆ దీపము వెలిగించిన పిమ్మట చేయవలసిన ప్రార్థన యెట్టిదను విషయమున క్రైస్తవులలోనే భేదము గలదు. కథోలికులు, అనగా మన పల్లెలలో ఆర్.సి.ఎం. వారని పిలువబడువారు, మృతుని ఆత్మకొఱకు ప్రార్థింతురు, పూజ చేయింతురు. ప్రొటెస్టంటు సంఘములవారిలో బహుళసంఖ్యాకులు మృతుని జీవితమునకై దేవునికి స్తోత్రము చెల్లించి, బ్రతికియున్నవారి ఓదార్పుకొఱకు మాత్రమే ప్రార్థింతురు. ఒకే కుటుంబములో అన్న యొక గుడికి, తమ్ముడు మఱియొక గుడికి పోవు గ్రామములలో తల్లి చనిపోయిననాడు ఈ భేదము తగవుగా పరిణమించుట కవకాశము గలదు. అట్టి తగవు పెద్దలయొద్దకే వచ్చును గనుక, ఉభయుల వాదములును మీకు తెలిసియుండుట మేలు.

ముందుగా ఆ సిద్ధాంతమేమో చూతము. లాటిను భాషలో దీనికి పుర్గతోరియుమని పేరు. శుద్ధిచేయు చోటని యర్థము. తెలుగు కథోలికులు దీనిని ఉత్తరించు స్థలమందురు. ఉత్తరణమనగా దాటి గట్టెక్కుట. లాటినుమాట మురికి కడుగుటను తెలుపగా, తెలుగుమాట యేరు దాటుటను తలపునకు దెచ్చుచున్నది. ఇది నరకములో నొక చిన్న గది యని కొందఱు తలంతురు. అది పొరపాటు. దుష్టులకు మరణానంతరమున దొరకు రెండవ అవకాశమును కాదు. దేవుని స్నేహములో మరణించి రక్షణ నిశ్చయమైనను, ఇంకను కొంత మలినము మిగిలినవారు పరలోకప్రవేశమునకు ముందు పొందు శుద్ధియే యిది. అందున్నవారు తప్పక గట్టెక్కుదురు.

ఈ మాట బైబిలులో నెచ్చటను లేదు. కాని యింతమాత్రముననే వ్యాజ్యెము తీరదు. త్రిత్వమను మాటయు బైబిలులో లేదు. అయినను కథోలికులును, ప్రొటెస్టంటులలో బహుళసంఖ్యాకులును దాని నంగీకరింతురు. మాట లేకున్నను భావమున్నదా యనునదే ప్రశ్న.

కథోలికులు చూపు మొదటి సాక్ష్యము మక్కబీయుల రెండవ గ్రంథము 12వ అధ్యాయము. క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దమున యూదా మక్కబీయుడను యూదుల సేనాని యుద్ధానంతరమున తన సైనికుల శవములను పూడ్చుటకు పోగా, చచ్చినవారి బట్టలక్రింద అన్యదేవతల తాయెత్తులు కనబడినవి. ధర్మశాస్త్రము నిషేధించిన వస్తువులవి. అతడు వారిని శపింపలేదు. ఆ పాపము తుడిచివేయబడవలెనని అందఱును ప్రార్థించిరి. అతడు తనవారియొద్ద రెండువేల వెండి ద్రాక్మాలు చందా యెత్తి, పాపపరిహారబలికై యెరూషలేమునకు పంపెను. మృతుల పునరుత్థానమును నమ్మి చేసిన యీ పని మంచిదని ఆ గ్రంథకర్త మెచ్చుకొనెను.

ఇంత స్పష్టమైన సాక్ష్య ముండగా వివాదమేలయన, ఆ గ్రంథమే వివాదములో నున్నది. అది గ్రీకుభాషలో వ్రాయబడినది. యూదుల హెబ్రీ గ్రంథమాలలో చేరలేదు. ప్రొటెస్టంటుల బైబిలులో 66 గ్రంథములు మాత్రమే యుండగా, కథోలికుల బైబిలులో 73 గలవు. మక్కబీయుల గ్రంథములు ఆ అధికమైన వానిలోనివి. 1519లో లైప్జిగు నగరమున జరిగిన వాదములో మార్టిన్ లూథరు, ఉత్తరించు స్థలమును అప్పటికి పూర్తిగా త్రోసివేయకయే, ఈ గ్రంథము ప్రమాణముగా నిలువదని చెప్పెను. కథోలిక సంఘము 1546లో ట్రెంటు మహాసభయందు అది ప్రమాణగ్రంథమేయని తీర్మానించెను. కావున భూమి తగవునకు ముందు దస్తావేజు చెల్లునా చెల్లదా యను తగవు వచ్చినట్లయినది.

ఇక ఉభయులకును సమ్మతమైన క్రొత్తనిబంధన చూతము. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖ 3వ అధ్యాయములో ఇల్లు కట్టువాని దృష్టాంతము గలదు. పునాది క్రీస్తు. దానిమీద నొకడు బంగారముతోను, వెండితోను, మఱియొకడు కఱ్ఱతోను, గడ్డితోను కట్టును. ఆ దినమున అగ్ని ప్రతివాని పనిని పరీక్షించును. పని కాలిపోయినవానికి నష్టము గలుగును. అయినను వాడు మంటలగుండ బయటపడినవానివలె రక్షింపబడును. పూరిల్లు తగులబడగా ఒడలు కమిలి బయటికి పరుగెత్తిన మనిషిని చూచిన మనకు ఈ పోలిక వివరింప నక్కఱలేదు. రక్షింపబడువాడే అగ్నిగుండ పోవుచున్నాడు గదా, ఇదియే శుద్ధి యని కథోలికులందురు. పౌలు చెప్పుచున్నది సంఘమును కట్టిన బోధకుల పనినిగూర్చి, పరీక్ష తీర్పుదినమున, కాలునది పని, మనిషి కాదు, అని ప్రొటెస్టంటులందురు. పూర్వాపరములను బట్టి చూడగా పౌలు తననుగూర్చియు, అపొల్లోనుగూర్చియు మాటలాడుచుండుట నిజమే. అయినను నష్టము పొంది రక్షింపబడువాడు మనిషియే యనుటయు నిజమే.

మత్తయి సువార్త 12వ అధ్యాయములో, పరిశుద్ధాత్మకు విరోధమైన పాపమునకు ఈ యుగములోను, రాబోవు యుగములోను క్షమాపణ లేదని యేసు చెప్పెను. అట్లయిన రాబోవు యుగమున క్షమింపబడు పాపములు కొన్ని యుండవలెనని పోపు గ్రెగొరీ వాదించెను. మార్కు సువార్తలో ఇదే సందర్భమున ఎన్నటికిని క్షమాపణ లేదని మాత్రమే యున్నది గనుక, అది గట్టిగా చెప్పు రీతియే గాని వేఱొండు కాదని ప్రతివాదము.

ప్రొటెస్టంటులు చూపు వాక్యములును బలమైనవే. సిలువమీద పశ్చాత్తాపపడిన దొంగకు ఆ దినముననే పరదైసు వాగ్దానము చేయబడెను. ధనవంతుడు, లాజరుల కథలో ఇటునుండి అటు దాటరాని అగాధము గలదు. అన్నిటికంటె, క్రీస్తుబలి సంపూర్ణమైనప్పుడు మనిషి మఱల చెల్లింపవలసిన బాకీ యేమున్నదని వారడుగుదురు. కథోలికుల జవాబు: దొంగకు దొరకినది విశేషానుగ్రహము, అగాధము రక్షణకును నాశమునకును నడుమ నున్నది, శుద్ధియు క్రీస్తుబలిఫలమే గాని దానికి పోటీ కాదు, అపవిత్రమైన దేదియు పరలోకమున ప్రవేశింపదని ప్రకటన గ్రంథము 21వ అధ్యాయమున నున్నది గనుక శుద్ధి యవసరము.

చరిత్రనుబట్టి చూడగా మృతులకొఱకు ప్రార్థించు ఆచారము మిగుల ప్రాచీనమైనది. అగస్టీను తన తల్లి మోనికా ఆత్మకొఱకు ప్రార్థించినట్లు స్వయముగా వ్రాసికొనెను. తూర్పుదేశముల ఆర్థొడాక్సు సంఘములు నేటికిని మృతులకొఱకు ప్రార్థించును గాని లాటిను సిద్ధాంతము నంగీకరింపవు. ప్రార్థన మొదట వచ్చినది. దాని వివరణ తరువాత పెరిగినది. ఒక స్థలముగా దానికి ప్రత్యేకనామము పండ్రెండవ శతాబ్దాంతమున మాత్రమే స్థిరపడెనని ఫ్రెంచి చరిత్రకారుడు జాక్ లెగాఫ్ 1981లో వాదించెను. 1439లో ఫ్లోరెన్సు మహాసభ గ్రీకులతో సంధి చేసికొన్నప్పుడు అగ్ని మాట యెత్తలేదు. 1563లో ట్రెంటు మహాసభ, శుద్ధి గలదనియు, ప్రార్థనలవలన, విశేషించి పూజాబలివలన, ఆ ఆత్మలకు సహాయము గలుగుననియు మాత్రమే విధించి, ఇందు కుతూహలమును, మూఢవిశ్వాసమును, నీచలాభమును అరికట్టుడని బిషప్పుల నాజ్ఞాపించెను. 1999లో రెండవ జాన్‌పాల్ పోపు అది స్థలము కాదు, ఒక స్థితి యని బోధించెను.

కావున తేలిన దేమన: మక్కబీయుల గ్రంథమును ప్రమాణమని యొప్పుకొన్నవానికి మృతులకై ప్రార్థించుటకు స్పష్టమైన ఆధారము గలదు, ఉత్తరించు స్థలము ఆ ప్రార్థనలోనుండి సంఘము చేసిన నిర్ణయము. ఆ గ్రంథము నొప్పుకొననివానికి మిగిలినవి సూచనలే గాని రుజువులు కావు. అందుచే భేదము వాక్యములు చదువలేమివలన గలుగలేదు. ఏ గ్రంథము ప్రమాణము, సంఘసంప్రదాయమునకు ఎంత అధికారము అను రెండు మూలప్రశ్నలవలన గలిగినది.

తగవు తీర్చువారికి ఒక్క మాట. పూజకై అప్పుచేయవలెనని ఏ పేదవాడైన చింతించుచున్నయెడల, కానుక లేకున్నను పేదల యుద్దేశమునకై పూజ చేయుడని 1983 నాటి కథోలిక ధర్మసూత్రములు గురువులను గట్టిగా కోరుచున్నవని చెప్పుడు. పోయిన తల్లికొఱకు ప్రార్థించు అన్నను మూఢుడనియు, ఆమె దేవునిచేతిలో నున్నదని నెమ్మదిగా నూరకుండు తమ్ముని కృతఘ్నుడనియు ననవలదు. ఇద్దఱును ఆమెను దేవునికే అప్పగించుచున్నారు. ఆ సాయంకాలము ఒక్క సమాధిమీద రెండు దీపములు వెలిగినచో నష్టమేమి?