గొర్రెలకు ఏటా టీకా... మరి మనకు?

నల్లమాడ చుట్టుపక్కల మందలు మేపేవాళ్లకు టీకాల లెక్క కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. చిటుకు రోగానికి ఏటా వానలకు ముందే సూది వేయించాలి. పారుడు రోగానికి వేసే పీపీఆర్ టీకా మాత్రం ఒకసారి వేస్తే మూడేళ్ల దాకా కాస్తుంది. ఒక్కో టీకాకు ఒక్కో గడువు. గొర్రెల విషయంలో ఇంత పక్కాగా ఉండే మనిషి, తన కాలికి తుమ్మముల్లు దిగితే మాత్రం లెక్క మరిచిపోతాడు. "చిన్నప్పుడు ఏసినార్లే" అని ఒకరు ఊరుకుంటారు. గోరంత గీసుకున్నా సూది కోసం పరిగెత్తేవారు ఇంకొకరు. కోవిడ్ కాలంలో 'బూస్టర్' అన్న మాట పల్లెలకూ చేరింది. దాని వెంటే అపోహలూ చేరాయి.

అపోహ: టీకా ఒకసారి పడితే జీవితాంతం ఢోకా లేదు.

వాస్తవం: కొన్ని టీకాలకు ఇది నిజమే. తట్టు, రుబెల్లాకు వేసే ఎంఆర్ టీకా రెండు డోసులూ పడితే చాలామందికి జీవితాంతం రక్షణ ఉంటుంది. కోరింత దగ్గు, కంఠసర్పి, ధనుర్వాతం అలా కాదు. వాటి నుంచి దొరికే రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ సన్నగిల్లుతుంది. అందుకే పసిబిడ్డకు 6, 10, 14 వారాల్లో పెంటావాలెంట్ వేశాక, 16–24 నెలల మధ్య ఒకసారి, 5–6 ఏళ్లకు మరోసారి డీపీటీ బూస్టర్ ఇస్తారు. 10 ఏళ్లకు, 16 ఏళ్లకు ధనుర్వాతం, కంఠసర్పిలకు కలిపి టీడీ సూది ఉంటుంది. చంటిబిడ్డ సూదులు గుర్తుపెట్టుకున్న ఇళ్లలోనూ ఈ చివరి రెండూ మరుగున పడుతుంటాయి.

అపోహ: బూస్టర్ వేయమన్నారంటే మొదట వేసింది పనిచేయలేదన్నమాట.

వాస్తవం: టీకా పడ్డాక రక్తంలో యాంటీబాడీలు పెరుగుతాయి, కొన్నాళ్లకు తగ్గుతాయి. అవి తగ్గినా, ఆ క్రిమిని గుర్తుపెట్టుకునే కణాలు మిగిలే ఉంటాయి. క్రిమి మళ్లీ కనబడితే ఆ కణాలు మేలుకుని కొత్త యాంటీబాడీలు తయారుచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. హెపటైటిస్ బి లోపల ముదరడానికి వారాలు, నెలలు తీసుకుంటుంది కాబట్టి ఆ జ్ఞాపకమే చాలు. ఆరోగ్యంగా ఉన్నవారికి కోర్సు పూర్తయ్యాక మామూలుగా బూస్టర్ అక్కర్లేదు. కోవిడ్ వైరస్ అంత గడువివ్వదు, కొద్ది రోజుల్లోనే జ్వరం తెప్పిస్తుంది. పైగా రూపం మార్చుకుంటూ ఉంటుంది. టీకా వేయించుకున్నవారికీ కోవిడ్ వచ్చింది ఇందుకే. అయినా ప్రాణం మీదికి రాకుండా కాపాడే శక్తి, జబ్బు సోకకుండా ఆపే శక్తి కంటే ఎక్కువ కాలం నిలిచింది.

అపోహ: తుప్పు పట్టిన ఇనుము గుచ్చుకుంటేనే ధనుర్వాతం. దెబ్బ తగిలిన ప్రతిసారీ టీటీ పడాల్సిందే.

వాస్తవం: తుప్పుతో సంబంధం లేదు. ధనుర్వాతం క్రిమి మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది. శెనక్కాయ చేలో కొడవలి కోసుకున్నా, దొడ్డి ఊడ్చేటప్పుడు పుల్ల గుచ్చుకున్నా ప్రమాదమే. అలాగని ప్రతి దెబ్బకూ సూది అవసరం లేదు. ప్రాథమికంగా మూడు డోసులు పూర్తయినవారికి చిన్నపాటి, శుభ్రమైన గాయమైతే చివరి సూది పడి 10 ఏళ్లు దాటినప్పుడే బూస్టర్ కావాలి. మట్టి, పేడ అంటిన గాయమో, లోతైన గాయమో అయితే 5 ఏళ్లు దాటితే వేయించాలి. ఊరికే పదేపదే వేయించుకుంటే అదనపు లాభం లేకపోగా చెయ్యి వాచి నొప్పి పెట్టవచ్చు.

2019 నుంచి మన దేశంలో టీటీ స్థానంలో టీడీ ఇస్తున్నారు. వాడుకలో దాన్నీ టీటీ అనే పిలుస్తున్నారు గానీ, ఇందులో కంఠసర్పి నుంచి రక్షణ కూడా కలిసి ఉంది.

ఇక్కడ అందరికంటే ఎక్కువ జాగ్రత్తపడాల్సింది వయసు మళ్లిన రైతులు. మన దేశంలో పిల్లల టీకాల కార్యక్రమం మొదలైంది 1978లో. సార్వత్రిక టీకా కార్యక్రమంగా విస్తరించింది 1985లో. అంతకుముందు పుట్టినవారిలో చాలామందికి మొదటి మూడు డోసులే పడి ఉండకపోవచ్చు. ఆడవాళ్లకు కడుపుతో ఉన్నప్పుడైనా సూదులు పడ్డాయి, మగవాళ్లకు అదీ లేదు. వీళ్లకు కావలసింది బూస్టర్ కాదు, అసలు కోర్సే. ఇంకో మాట, ధనుర్వాతం వచ్చి తగ్గినా శరీరానికి రక్షణ రాదు. కోలుకున్నవారూ టీకా వేయించుకోవాలి.

అపోహ: కుక్క సూదులు ఒకసారి వేయించుకుంటే, మళ్లీ కరిచినా అక్కర్లేదు.

వాస్తవం: కావాలి, కాకపోతే తక్కువ సరిపోతాయి. కోర్సు మొత్తం పూర్తిచేసినట్టు కాగితం ఉంటే కరిచిన రోజున ఒకటి, మూడో రోజున ఒకటి, రెండే సూదులు. గాయంలో వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అక్కర్లేదు. చిక్కల్లా కాగితం దగ్గరే.

"ముందు ఏసుకుంటివా పెద్దాయనా?"

"ఏసుకుంటి తల్లీ, అప్పుడెప్పుడో."

"చీటీ ఏదీ?"

"యాడుందో ఏమో!"

చీటీ లేకపోతే కొత్తగా కరిచినట్టే లెక్క, కోర్సు మొదటి నుంచి మొదలవుతుంది. బొడ్డు చుట్టూ 14 సూదులు పొడుస్తారన్న భయం ఇంకా కొందరిలో ఉంది. ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004 డిసెంబరుతోనే ఆగిపోయింది. ఇప్పుడు వేసేది చేతికే. అన్నిటికంటే ముందు సబ్బుతో, పారే నీళ్లతో గాయాన్ని 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం పూయకూడదు.

అపోహ: కోవిడ్ బూస్టర్ అందరూ ఏటా వేయించుకోవాలి. లేదా ఇక ఎవరికీ అక్కర్లేదు.

వాస్తవం: రెండూ పొరపాటే. మన దేశంలో ప్రికాషన్ డోసు పేరుతో బూస్టర్ 2022 జనవరి 10న ఆరోగ్య సిబ్బందికి, ఫ్రంట్‌లైన్ ఉద్యోగులకు, దీర్ఘకాలిక జబ్బులున్న అరవై దాటినవారికి మొదలైంది. అప్పట్లో రెండో డోసు తర్వాత 9 నెలలు ఆగమన్నారు. జూలైలో దాన్ని 6 నెలలకు తగ్గించారు. అదే నెల 15 నుంచి 75 రోజుల పాటు 18 ఏళ్లు దాటినవారందరికీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చారు. ఆ తర్వాత టీకాల వల్లా, జబ్బు సోకడం వల్లా జనంలో నిరోధకత పెరిగింది. 2023 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సలహా మార్చారు. వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు, గర్భిణులు, ఆరోగ్య సిబ్బంది వంటివారికే మళ్లీ డోసు ముఖ్యమన్నారు. ఆరోగ్యంగా ఉన్న పడుచువారికి మొదటి బూస్టర్ తర్వాత మామూలుగా మరొకటి సూచించలేదు. కాబట్టి చక్కెర జబ్బున్న డెబ్బై ఏళ్ల తాతకూ, పాతికేళ్ల మనవడికీ ఒకే జవాబు ఉండదు.

అపోహ: యాంటీబాడీ పరీక్ష చేయించుకుంటే బూస్టర్ కావాలో వద్దో తేలిపోతుంది.

వాస్తవం: కోవిడ్‌కు 'ఇంత ఉంటే చాలు' అనే కచ్చితమైన అంకె ఏదీ స్థిరపడలేదు. గుర్తుపెట్టుకునే కణాల సంగతి ఆ పరీక్షలో తెలియదు. ఆ డబ్బు దండగే.

అపోహ: గడువు దాటిపోతే వేసినవన్నీ వృథా, మళ్లీ మొదటి నుంచి వేయించాలి.

వాస్తవం: పిల్లల టీకాల్లో చాలావాటికి ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కొనసాగిస్తారు. బెంగళూరుకు వలస పోయి డోసు తప్పిన బిడ్డను, తిరిగి రాగానే కార్డుతో సహా ఏఎన్ఎం దగ్గరికి తీసుకెళ్లండి. ఆలస్యమైందని తిడతారేమోనన్న మొహమాటం వద్దు.

బూస్టర్ కావాలా అని ఆసుపత్రిలో అడిగే ముందు ఐదు సంగతులు సిద్ధంగా ఉంచుకోండి: ఏ టీకా, ఇప్పటికి ఎన్ని డోసులు, చివరిది ఎప్పుడు, ఇప్పుడున్న వయసు, జబ్బు లేదా గర్భం. కడుపుతో ఉన్నవారు మూడేళ్లలోపు వెనకటి కాన్పులో రెండు టీడీలూ తీసుకుని ఉంటే, ఈసారి ఒక్క బూస్టర్ సరిపోతుంది. ఆ సంగతి చెప్పడానికీ కార్డే ఆధారం. సూది పడిన ప్రతిసారీ చీటీని ఫోనులో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరి ఫోనుకూ పంపండి. మీ జవాబు సగం అక్కడే ఉంటుంది, మిగతా సగం డాక్టరు చెబుతారు.